ఆకు లేని తాంబూలం

మే 18, ఆదివారం, తిరువూరు. మధ్యాహ్నం భోజనానికి ఉన్నవారు: నేను, మా ఆవిడ, మా అబ్బాయి, కోడలు, మూడేళ్ల మనవరాలు, మా తమ్ముడు. అతిథులు ఇద్దరు: కోడలు పనిచేసే సర్జరీ విభాగం పెద్ద డాక్టరుగారు, ఆయన భార్య. గాలి లేదు.

డైరీలో ఆ రోజు పేజీ ఇలా మొదలైంది. మామిడితోట ఉన్న ఇంట్లో మే నెలలో ‘గాలి లేదు’ అన్న మాట ఊరికే రాయరు. మిట్టమధ్యాహ్నం ఆకు కూడా కదలకుండా ఉంటే, తర్వాత ఏదో ఒకటి వస్తుంది. గంపలగూడెం రోడ్డులో మా తమ్ముడి తోట ఉంది. అప్పటికి సగం కాయ ఇంకా చెట్ల మీదే ఉంది. వాడు పొద్దుటి నుంచీ కుదురుగా కూర్చోలేదు. మాటిమాటికీ వీధిలోకి వెళ్లి పడమటి వైపు చూసి రావడమే.

మా కోడలు సర్జను. ఇక్కడికి దూరంగా ఒక వైద్య కళాశాలలో అసోసియేట్ ప్రొఫెసర్. ఆ ఊరి పేరు రాయడం లేదు. సోమవారం తెల్లవారుజామున తొలి బస్సెక్కి విజయవాడలో దిగి, ఇంకో బస్సు మారి వెళ్తుంది. శనివారం పొద్దుపోయాక వస్తుంది. అక్కడ రెండు గదుల అద్దె ఇల్లు. మా అబ్బాయికి ఇక్కడ ఎరువుల కొట్టు ఉంది కాబట్టి కదలడానికి లేదు. పాప మా దగ్గరే పెరుగుతోంది.

వాళ్ల విభాగంలో ఒక ప్రొఫెసర్ పోస్టు ఖాళీ అయింది. అర్హుల జాబితాలో ముందున్న పేరు మా కోడలిది. ఆమె తర్వాత ఒక కుర్రడాక్టరు ఉన్నాడు. జూన్‌లో జాబితా ఖరారవుతుంది. అప్పటికి ఆమె ఆ కళాశాలలో, ఆ విభాగంలో ఆపరేషన్లు చేస్తూ పాఠం చెబుతూ ఉండాలి. ఉంటే ప్రొఫెసర్ అవుతుంది. మరోచోటికి కదిలితే పేరు తీసేస్తారు. ఆ విభాగంలో ఇంతవరకు ఆడమనిషి ప్రొఫెసర్ కాలేదు.

సంగతి మామిడిపళ్ల బుట్టతో మొదలైంది. మన పిల్లలు ఎక్కడ ఉద్యోగం చేస్తుంటే అక్కడి పైవాళ్లకు కాపు దిగినప్పుడు ఒక బుట్ట పట్టుకెళ్లడం మా వైపు మామూలు. దాన్ని లంచమని ఎవరూ అనుకోరు. పెద్దవాళ్లు ఎవరో ఒకరు వెళ్లి, పళ్లు అక్కడ పెట్టి, ‘మా పిల్ల మీ దగ్గరుంది, కాస్త కనిపెట్టి ఉండండి’ అని చెప్పి మంచినీళ్లు తాగి వచ్చేస్తారు. పాప పుట్టిన ఏడాది మా తమ్ముడు రెండు బుట్టల చిన్నరసాలు కారులో వేసుకుని ఆ పెద్ద డాక్టరుగారి ఇంటికి వెళ్లాడు. వెళ్లినవాడు ఊరుకోలేదు. “చంటిబిడ్డ తల్లి సార్. రాత్రిళ్లు అవీ లేకుండా కాస్త చూడండి” అన్నాడు. ఈ మాట అననా అని మా కోడల్ని అడగలేదు. అడగాల్సిన విషయమని వాడికి తోచలేదు. మంచి పని చేసి వచ్చినవాడిలా వచ్చి, ఆ పూట అన్నం ఇంకాస్త పెట్టించుకుని తిన్నాడు.

ఆయన నిజంగానే చూశాడు. వారం తిరక్కుండా ఆమెకు రాత్రి ఎమర్జెన్సీలు తీసేశారు. మా ఇంట్లో అందరం సంతోషించాం. ఆ ఆదివారం ఆమె ఒక్కతే ఎక్కువ మాట్లాడలేదు. మరుసటి వేసవిలో మళ్లీ బుట్ట వెళ్లింది. ఈసారి పెద్ద ఆపరేషన్లు వేరేవాళ్ల రోజుకి మారాయి, చిన్నవి ఆమెకు మిగిలాయి. ‘దూరం నుంచి వచ్చి గంటల తరబడి నిలబడటం ఎందుకు తల్లీ’ అన్నాడట ఆయన. ఆ తర్వాత, ఆమె దగ్గర పరిశోధన చేస్తున్న పీజీ పిల్లలిద్దరిని ఆ కుర్రడాక్టరుకు అప్పగించాడు. శనివారాలు ఆమె త్వరగా ఇంటికి బయలుదేరాలి కదా అన్నది కారణం.

నేను ఇరిగేషన్‌లో పనిచేసి రిటైరయ్యాను. సాగర్ కాలువ మా వైపుకు వచ్చేసరికి చివరికొచ్చేస్తుంది. ఎగువన ఎక్కడో షట్టరు దించితే ఇక్కడివాళ్లకు ఆ రోజు తెలియదు. కాలువలో ఉన్న నీరు ఉన్నట్టే పారుతుంది. పిల్లలు ఈదుతూనే ఉంటారు. తర్వాతెప్పుడో గట్టు పక్కన తడి మట్టి గీత కనబడుతుంది. ఆ గీత కనబడ్డాక పైకి ఫోను చేసినా లాభముండదు. పీజీ పిల్లల సంగతి మా కోడలు చెప్పిన రోజు నాకు ఆ గీతే గుర్తొచ్చింది. డైరీలో మాత్రం రాసుకున్నాను.

ఈ ఏడాది తమ్ముడు బుట్ట పట్టుకెళ్లే లోపే ఆయనే ఫోను చేశాడు. ఆదివారం మీ తోట చూడటానికి మా ఆవిడతో వస్తున్నాను, అమ్మాయి విషయం ఒకటి మీ అందరితో ముఖాముఖి చెప్పాలి, అన్నాడు. తమ్ముడు ఉబ్బిపోయాడు. మా కోడలు మాత్రం “ఏ విషయం?” అని రెండుసార్లు అడిగింది. “మంచి విషయమేనమ్మా, గొంతులోనే తెలుస్తోంది” అన్నాడు వాడు.

తోట చూసి, డిక్కీ నిండా బంగినపల్లి కాయలు వేయించుకుని వాళ్లు మా ఇంటికి వచ్చేసరికి ఒంటిగంట దాటింది. పెద్ద డాక్టరుగారికి అరవై దగ్గర పడి ఉంటాయి. సన్నగా, తెల్లగా, చేతులు చాలా శుభ్రంగా ఉంటాయి. గొంతు పెంచడు. ఎదురుగా ఉన్న ఆడవాళ్లందరినీ ‘తల్లీ’ అంటాడు. ఆయన భార్య లేత నీలం చీరలో ఆయన కంటే ఒక అడుగు వెనక నడిచింది. కూర్చోమంటే ఫ్యాను కింద కాకుండా గోడ పక్కన కూర్చుంది.

మామిడికాయ పప్పు, ములక్కాడ కూర, కొత్తావకాయ, పెరుగు, పళ్ల ముక్కలు. మా ఆవిడ వడ్డిస్తుంటే కోడలు సాయం చేసింది.

“మా డిపార్ట్‌మెంట్‌లో ఈ అమ్మాయి చెయ్యి చూడాలి మీరు. కుట్టు వేస్తే మిషను మీద వేసినట్టుంటుంది” అన్నాడు ఆయన.

“ఏం చెయ్యి సార్! కత్తిపీట ముందు కూర్చుంటే ములక్కాడ తిన్నగా కొయ్యదు. చూడండి, ఒక్కొక్కటి జానెడుంది” అన్నాడు మా తమ్ముడు.

“ములక్కాడకి మళ్లీ కుట్లెయ్యక్కర్లేదు కదా చిన్న మావయ్యగారూ, అందుకని శ్రద్ధ పెట్టలేదు” అంది కోడలు.

అందరం నవ్వాం. ఆయనా నవ్వాడు. నవ్వుతూనే ఆవకాయ కలుపుకుంటూ, “అదీ సంగతి. అంత శ్రద్ధగల పిల్ల వారానికి రెండుసార్లు బస్సుల్లో నలిగిపోతుంటే నాకు చూడబుద్ధి కావడం లేదు. అందుకని ఒక ఏర్పాటు చేశా. మీ ఊరి ఆస్పత్రిలో సర్జను లేడు కదా. అక్కడికి డెప్యుటేషన్ మీద వేయిస్తున్నా. పైన మాట్లాడేశాను. రేపు నేను కాగితం పెడితే వారంలో ఉత్తర్వు వచ్చేస్తుంది. అమ్మాయి ఊఁ అంటే చాలు” అన్నాడు.

మా ఆవిడ చేతిలో నేతిగిన్నె అలాగే ఆగిపోయింది. “ఇక్కడికా అండీ? మన ఊరికేనా?”

“మీ ఇంటి నుంచి నడిచి వెళ్లొచ్చు తల్లీ.”

“అమ్మ రోజూ ఇంట్లోనేనా?” అంది మనవరాలు. వాళ్ల నాన్న భుజం కుదిపి మళ్లీ అడిగింది. మా అబ్బాయి కోడలి ముఖం చూశాడు. ఆమె చేతిలో పెరుగు గరిట ఉంది. అది గిన్నెలో పెట్టి, చెయ్యి కొంగుకు తుడుచుకుంది.

“సార్, జాబితా జూన్‌లో కదా.”

“జాబితా ఎక్కడికి పోతుంది తల్లీ? ఇవాళ కాకపోతే రేపు. పాపకి ఈ వయసు మళ్లీ రాదు. అక్కడ పని ఆగిపోతుందని బెంగ పెట్టుకోకు. మన కుర్రాడున్నాడు. చురుకైనవాడు, నీ పని మొత్తం చూసుకుంటాడు.”

చాలా ప్రేమగా అన్నాడు. ఆ గొంతులో కోపంగాని, ఎత్తిపొడుపుగాని ఉంటే మాకు అక్కడే అర్థమయ్యేదేమో.

మా ఆవిడ మాట మార్చడానికన్నట్టు ఆయన భార్యను పలకరించింది. “మీరూ డాక్టరేనా అండీ?”

“చదివానండి.”

“మరి చెయ్యట్లేదా?”

“చేసేదాన్ని. కాన్పుల విభాగంలో. పాఠం కూడా చెప్పేదాన్ని. మా పెద్దాడు పుట్టాక ఈయన ఇంటికి దగ్గరగా వేయించారు. తర్వాత అదీ మానేశాను.” పప్పులో పోపు ఎప్పుడు వేయాలో చెప్పినట్టు చెప్పి, ఆవిడ మామిడిముక్క తీసుకుంది. ఆయన తల ఎత్తలేదు.

మా ఇంట్లో ఒక పద్ధతి ఉంది. తోట కాపు వ్యాపారికి ఇచ్చినా, పొలం కౌలుకి ఇచ్చినా, సంబంధం కుదిరినా, రెండు ఆకులు, వక్క చేతిలో పెడతాం. ఆకు చేతులు మారితే మాట అయిపోయినట్టే. ఆ రాత్రే గాలి లేచి కాయంతా రాలినా మా తమ్ముడు బేరం తిరగదోడడు, వ్యాపారీ తిరగదోడడు. ఊళ్లో అందరికీ ఈ సంగతి తెలుసు. వచ్చిన ముత్తయిదువకు బొట్టుపెట్టి తాంబూలం ఇవ్వడం వేరే మర్యాద. కానీ ఆ రోజు మా తమ్ముడు రెంటినీ కలిపేశాడు.

చేతులు కడుక్కుని వచ్చి కూర్చోగానే, “వదినా, తాంబూలం పళ్లెం తీసుకురా. అమ్మాయి చేత్తోనే మేడమ్‌గారికి ఇప్పిద్దాం. మా ఇంట్లో ఆకు చేతిలో పడితే ఇక మాట మారదు సార్. మా కోడలు ఒప్పుకున్నట్టే లెక్క” అన్నాడు.

“భలే పద్ధతి. మా ఆఫీసుల్లో ఇది ఉంటే సగం ఫైళ్లు తగ్గేవి” అన్నాడు ఆయన. “ఇవ్వు తల్లీ.”

మా ఆవిడ పళ్లెం తెచ్చింది. జాకెట్టు ముక్క, పసుపు కుంకుమలు, అరటిపళ్లు, పైన ఆకూ వక్కా. కోడలి చేతికిచ్చి భుజం మీద చెయ్యి వేసింది. ఆ చేతిలో బలవంతం లేదు, సంబరమే ఉంది. పాప తల్లి చీర కుచ్చిళ్లు పట్టుకుని నిలబడింది.

కోడలు ఆ గోడ పక్కకు వెళ్లి డాక్టరుగారి భార్యకు బొట్టు పెట్టింది. గంధం రాసింది. తర్వాత పళ్లెంలోంచి ఆకులు, వక్క తీసి పక్కనున్న బల్ల మీద పెట్టింది. జాకెట్టు ముక్క, పళ్లు మాత్రం ఆవిడ చేతుల్లో పెట్టి వంగి కాళ్లకు దండం పెట్టింది.

“మీరు మా ఇంటికి వచ్చినందుకు ఇది మేడమ్. ఆ విషయానికి కాదు.”

ఆకు లేకుండా తాంబూలం ఇవ్వడం మా ఇంట్లో అంతకు ముందు చూడలేదు. మా తమ్ముడు లేచి నిలబడ్డాడు. “అదేంటమ్మాయ్! ఆకు మర్చిపోయావు” అన్నాడు, ఆమె మర్చిపోలేదని తెలిసి కూడా.

“మర్చిపోలేదు చిన్న మావయ్యగారూ.” డాక్టరుగారి వైపు తిరిగి, “సార్, నేను ఆ డెప్యుటేషన్‌కి ఒప్పుకోవడం లేదు. రేపు డ్యూటీకి వస్తాను. రేపు నా ఆపరేషన్ రోజు” అంది.

పెద్ద డాక్టరుగారు చేతిరుమాలు తీసి, వేళ్లు ఒక్కొక్కటిగా తుడుచుకున్నాడు. ముఖంలో నవ్వు అలాగే ఉంది. “పర్లేదు. ఎండ చాలా ఎక్కువగా ఉందివాళ. నువ్వు అలిసిపోయి ఉన్నావు తల్లీ. నేను చూసుకుంటాలే” అన్నాడు.

ఆయన భార్య జాకెట్టు ముక్క మీద కొంగు కప్పుకుంది. గుమ్మం దాటుతూ మా కోడలి చెయ్యి పట్టుకుని, “ఆకు లేకపోయినా ఏం కాదమ్మా” అంది. ఆవిడ తనంతట తాను మాట్లాడిన మాట ఆ పూటంతా అదొక్కటే. ఆ మాట ఆయనకూ వినబడింది. కారు తలుపు ఆయనే తెరిచి పట్టుకున్నాడు, ఆవిడ ఎక్కేదాకా.

కారు మలుపు తిరిగిందో లేదో తమ్ముడు మొదలుపెట్టాడు.

“పరువు తీశావమ్మా! అంత పెద్దాయన్ని ఇంటికి పిలిచి...”

“మీరు పిలవలేదు చిన్న మావయ్యగారూ, ఆయనే వచ్చారు.”

“అదే కదా! తనంతట తాను వచ్చి మేలు చేస్తానంటే...”

“రాత్రి ఎమర్జెన్సీలు తీశారు, మేలే. పెద్ద కేసులు తీశారు, మేలే. పీజీలను తీశారు. ఇప్పుడు నన్నే తీస్తున్నారు. ఇక్కడికొస్తే నాకు జీతం ఉంటుంది, పాప ఉంటుంది, మీ అందరూ ఉంటారు. పాఠం ఉండదు. నా పేరు జాబితాలో ఉండదు. జూన్‌లో ఆ కుర్రాడు ప్రొఫెసర్ అవుతాడు. ఆయన కోరేది అదే. ఒక్కసారి కూడా నన్ను తిట్టలేదు, చూశారా? తిడితే నేను ఎవరికైనా చెప్పుకునేదాన్ని.”

“నేను మంచికే కదమ్మా చెప్పింది, చంటిపిల్ల తల్లి అని...”

“మంచికే చెప్పారు. అందుకే మీ మీద అరవలేకపోతున్నాను.”

వాడు కూర్చున్నాడు. కొంతసేపటికి లేచి చెప్పులు వేసుకుని తోటకు వెళ్తున్నానన్నాడు. గాలి వచ్చేలా ఉందన్నాడు. రాలేదు. ఆకాశం పడమట ఇనుము రంగులో ఉండిపోయింది, అంతే.

మా అబ్బాయి, “ఆయన ఊరుకోడు. నిన్ను అక్కడ ఉండనివ్వడు” అన్నాడు.

“తెలుసు.”

“పాప అడిగితే ఏం చెప్పమంటావు?”

లోపల పాప అప్పటికే తన బొమ్మలను వాళ్లమ్మ మంచం కిందకు చేరుస్తోంది. అమ్మ ఇక రోజూ ఇక్కడే పడుకుంటుంది కాబట్టి అవి అక్కడ ఉండాలట.

మా ఆవిడ ఆ సాయంత్రం ఎవరితోనూ మాట్లాడలేదు. బల్ల మీది ఆకులు తీయలేదు. దీపం పెట్టి, తన గది తలుపు దగ్గరగా వేసుకుంది. కోడలి మీద కోపమొచ్చిందని నేను అనుకున్నాను. పళ్లెం ఆవిడ చేత్తో ఇచ్చింది. ఆకులు ఆవిడ కళ్ల ముందే పక్కకు పోయాయి. మా పెళ్లయిన ఇన్నేళ్లలో ఆవిడ అంతసేపు మాట్లాడకుండా ఉన్నది రెండుసార్లో మూడుసార్లో. ఆ ప్రతిసారీ తర్వాత ఇల్లు మునుపటిలా లేదు.

సోమవారం తెల్లవారుజామున కోడల్ని బస్సెక్కించడానికి అబ్బాయి బండి తీస్తుంటే మా ఆవిడ బయటికి వచ్చింది. చేతిలో సంచి ఉంది. చంకలో నిద్రమొహంతో పాప.

“ఆటో పిలవండి. బండి మీద అందరం పట్టం” అంది నాతో.

“ఎక్కడికే?”

“కోడలితో వెళ్తున్నాను. జూన్ దాకా. ఆ తర్వాత సంగతి తర్వాత.”

కోడలు మెట్ల మీద ఆగిపోయింది. “అత్తయ్యగారూ, రెండే గదులు అక్కడ. మీకు ఇబ్బంది...”

“నువ్వు నిన్న ఆకులు తీసి పక్కన పెట్టినప్పుడు నాకు ఒళ్లు మండింది. కొట్టేదాన్నే” అంది మా ఆవిడ. “తర్వాత ఆవిడ గుర్తొచ్చింది. ‘చదివానండి’ అంది చూశావా? ఎవరో పక్కింటావిడ సంగతి చెప్పినట్టు అంది. నాకు నిద్రపట్టలేదు.” నా వైపు తిరిగి, “కుక్కరు మూడు కూతలకి కట్టెయ్యాలి. పెరుగు తోడు మర్చిపోకండి. తెలియకపోతే ఊరుకోండి, హోటలుందిగా” అంది.

బస్టాండులో బస్సు కదలడానికి సిద్ధంగా ఉంది. కోడలు కిటికీ పక్కన కూర్చోగానే ఫోను వెలిగింది. చదివి నాకు అందించింది. పెద్ద డాక్టరుగారు విభాగం గ్రూపులో పెట్టిన సందేశం. ఈ రోజు జాబితాలో ఆమె ఆపరేషన్లన్నీ ఆ కుర్రడాక్టరు పేరు మీద ఉన్నాయి. కింద ఆమెకు విడిగా ఒక మాట: ‘ప్రయాణం చేసి వస్తావు. విశ్రాంతి తీసుకో తల్లీ.’

ఫోను తిరిగి ఇచ్చాను. బస్సు ఎ.కొండూరు వైపు తిరిగింది. పాప కిటికీలోంచి నాకు కాకుండా, ఇంటివైపు చెయ్యి ఊపింది.

ఇంటికొచ్చి చూస్తే బల్ల మీద ఆకులు వాడి నల్లబడ్డాయి. తీసి పారేయడానికి చెయ్యి రాలేదు. అబ్బాయి కొట్టు తెరవడానికి వెళ్లకుండా వీధి అరుగు మీదే కూర్చున్నాడు.

తొమ్మిది దాటాక కోడలు ఫోను చేసింది. పక్కన ట్రాలీల చప్పుడు వినిపిస్తోంది. అత్తయ్యగారిని, పాపని ఇంట్లో దింపి తిన్నగా ఆస్పత్రికి వెళ్లిందట.

“బట్టలు మార్చుకుని థియేటర్ తలుపు బయట నిలబడ్డాను మావయ్యగారూ. లోపల ఆ అబ్బాయి మొదలుపెట్టేశాడు. ఇందాక సార్ నా ముందు నుంచే వెళ్లారు.”

“ఏమన్నాడమ్మా?”

“నవ్వారు. కుర్చీ వేయించనా తల్లీ అని అడిగారు.”

“మరి నువ్వు?”

“వద్దన్నాను. పిలిచేదాకా నిలబడే ఉంటానన్నాను.”

ఫోను పెట్టేశాక డైరీ తీశాను. తేదీ వేసి, ఆమె తలుపు బయట నిలబడి ఉందని, తలుపు ఇంకా తెరవలేదని రాశాను. గాలి సంగతి రాద్దామని కిటికీలోంచి చూశాను. లేదు.